నాన్న వద్దన్నా ఆ పర్సు తిరిగి ఇవ్వాల్సిందే

దారిలో మీకో పర్సు దొరికింది. లోపలి కాగితాలు చూస్తే ఎవరిదో కనుక్కోవడం పెద్ద కష్టం కాదు. పక్కనే ఉన్న నాన్న మాత్రం "మనకెందుకురా ఆ తలనొప్పి, తిరిగి ఇవ్వక్కర్లేదు" అన్నాడు. ఇప్పుడేం చేయాలి?

యూదుల మతచట్టంలో ఈ ప్రశ్న చాలా పాతది. సుమారు క్రీ.శ. 200లో కూర్చిన మిష్నా అనే చట్ట సంకలనంలో, బావా మెత్సియా అనే భాగంలో ఉంది. దొరికిన వస్తువు తిరిగి ఇవ్వొద్దని తండ్రి చెబితే ఆ మాట వినకూడదు, అంతే. "కానీ", "ఒకవేళ" లాంటివేమీ లేవు. దానికి తల్మూద్, అంటే మిష్నా మీద పండితులు చేసిన చర్చల గ్రంథం, చూపించే ఆధారం బైబిల్లోని లేవీయకాండం 19వ అధ్యాయంలోని మూడో వాక్యం. తల్లికీ తండ్రికీ భయపడమని చెప్పిన నోటితోనే, అదే వాక్యంలో, నా విశ్రాంతి దినాలను పాటించండి, నేను మీ దేవుణ్ణి అని ఉంది. అంటే మీ నాన్న కూడా ఆ దేవుడి ఆజ్ఞ కిందే ఉన్నాడు. తన చేతిలో లేని అధికారాన్ని ఆయన మీ మీద చూపించలేడు.

పెద్దలను గౌరవించడం అంటే వాళ్ళ మాట జవదాటకపోవడం అని నేర్చుకుంటూ పెరిగినవాళ్ళం మనం. తండ్రి మాట కోసం అడవికి వెళ్ళినవాణ్ణి దేవుడిగా కొలుస్తాం. అందుకే కాబోలు, గౌరవాన్నీ విధేయతనూ ఇంత శుభ్రంగా విడదీసిన చట్టం కనిపించేసరికి నేను అక్కడే ఆగిపోయాను. ఈ విడదీయడం వల్లే తల్లిదండ్రుల సేవ చేయదగిన పనిగా, నిజాయితీ ఇంట్లోంచే మొదలయ్యే పనిగా ఉంటాయని నా వాదన. రెంటినీ కలిపేస్తే రెండూ చెడతాయి.

నాకు ఈ ఆసక్తి ఎలా పుట్టిందో ఒక ముక్కలో చెప్పేస్తాను. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. తెలుగు మాట్లాడుతూ, తాము యూదులమని చెప్పుకునే కుటుంబాలు. వాళ్ళకో సినగాగ్ (ప్రార్థనాలయం) కూడా ఉంది. వాళ్ళ గురించి విన్నాక, అసలు ఒక మామూలు యూదు ఇంట్లో పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం నియమాలుంటాయో చూద్దామని మొదలుపెట్టాను. 1864లో ష్లోమో గాంజ్‌ఫ్రీడ్ అనే రబ్బీ (యూదు మతగురువు), ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న ఉంగ్వార్ అనే ఊళ్ళో ఉంటూ, మామూలు జనం కోసం ఒక సంక్షిప్త చట్ట గ్రంథం వేశాడు. అందులో ప్రార్థన, తిండి, వ్యాపారం, అమ్మానాన్నలు అన్నీ ఒకే అట్టల మధ్య ఉంటాయి. దాని వెనక 16వ శతాబ్దంలో సఫేద్ ఊళ్ళో యోసెఫ్ కారో రాసిన షుల్‌ఖాన్ ఆరుఖ్ అనే చట్ట గ్రంథం, దానికి పోలండ్‌లోని క్రాకో నుంచి మోషే ఇస్సెర్లెస్ చేర్చిన సవరణలు, వాటి వెనక చట్టాన్నంతా క్రోడీకరించిన మైమోనిడిస్, ఆయన వెనక తల్మూద్. చరిత్ర ఇక్కడితో చాలు.

అసలు విషయానికొద్దాం. గౌరవం అంటే ఏమిటని తల్మూద్‌లోని కిద్దుషిన్ భాగం అడిగి, తనే జవాబిస్తుంది. తినిపించాలి, తాగించాలి, బట్టలు తొడగాలి, దుప్పటి కప్పాలి, లోపలికి తీసుకురావాలి, బయటికి తీసుకెళ్ళాలి. భయం అంటే? తండ్రి నిలబడే చోట నిలబడకూడదు, కూర్చునే చోట కూర్చోకూడదు, మాటకు ఎదురు చెప్పకూడదు, ఆయన వాదనలో ఎవరిది సరైనదో తీర్పరిలా తేల్చకూడదు. జాబితా ఇంతే. ఇందులో ప్రేమ అనే మాట లేదు. మొదట్లో నాకిది కొంచెం పొడిగా అనిపించింది. తర్వాత అర్థమైంది, అదే దాని మంచితనం. నాన్న మీద ప్రేమ పొంగుకొచ్చిన రోజున అన్నం పెట్టడం ఎవరైనా చేస్తారు. పాతికేళ్ళ కింద ఆయన అన్న మాట ఇంకా మనసులో ముల్లులా ఉన్న రోజున కూడా పళ్ళెం ముందు పెట్టాలంటే, అది మనసు మీద ఆధారపడని పని కావాలి.

పళ్ళెం పెడితే సరిపోతుందా అంటే, సరిపోదు. ఒకడు తండ్రికి బలిసిన కోళ్ళు వండిపెట్టి నరకానికి పోయాడనీ, ఇంకొకడు తండ్రి చేత తిరగలి తిప్పించి స్వర్గానికి పోయాడనీ తల్మూద్‌లో ఒక విచిత్రమైన మాట ఉంది. జెరూసలేం తల్మూద్ దాని కథ చెబుతుంది. మొదటివాడి తండ్రి "ఇవన్నీ ఎక్కడివిరా నీకు?" అని అడిగాడు. కొడుకు "ముసలాడా, నోర్మూసుకుని తిను, కుక్కలు కూడా నోర్మూసుకునే తింటాయి" అన్నాడు. రెండోవాడు తిరగలి పట్టేవాడు. రాజుగారి వెట్టిపనికి తిరగలివాళ్ళను పంపమని ఆజ్ఞ వచ్చింది. "నాన్నా, నువ్వు ఇక్కడ నా బదులు తిప్పు, అక్కడికి నేను పోతాను. కొడితే నన్ను కొట్టనీ, తిడితే నన్ను తిట్టనీ" అన్నాడు. ఎంత వడ్డించారన్నది కాదు, ఎలా వడ్డించారన్నది కూడా చట్టం కిందికే వస్తుందన్నమాట.

మరి ఖర్చు ఎవరిది? ఇది మన ఇళ్ళల్లో అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయే ప్రశ్న. తల్మూద్‌లోనూ దీనిమీద తగాదా ఉంది. కొడుకు డబ్బుతోనే చేయాలని రవ్ యెహూదా, తండ్రి డబ్బుతోనే చేయాలని రవ్ నతాన్ బర్ ఓషాయా. చివరికి నిలిచింది రెండో మాట. తండ్రికి డబ్బు ఉంటే తండ్రిదే ఖర్చు పెట్టొచ్చు, లేకపోతే కొడుకు తన శక్తి కొద్దీ పోషించాలి, పోషించనంటే బలవంతంగానైనా పెట్టిస్తారు. ఇందులో కొడుక్కి పెద్ద రాయితీ దొరికినట్టు కనిపిస్తుంది. జాగ్రత్తగా చూస్తే అలా కాదు. డబ్బు ఆయనదే కావచ్చు, టైమ్ మాత్రం నీది. పని మానుకుని నష్టపోయినా సరే వచ్చి చేయాలి. ఆ పూట తిండికి కూడా లేనివాడికి మాత్రమే మినహాయింపు. అమెరికా నుంచి నెలనెలా డాలర్లు పంపి, అపార్ట్‌మెంట్ కొనిచ్చి, ఫోన్‌లో ముఖం చూపించి బాధ్యత తీరిందనుకునే మనవాళ్ళకి ఈ నియమం అస్సలు నచ్చదు. పై జాబితాలో డబ్బు పంపడం లేదు. ఉన్నవన్నీ చేతులతో చేసే పనులే.

ఇక్కడ మనకు నేరుగా తగిలే సంగతి ఒకటుంది. ఇజ్రాయెల్‌లో ముసలివాళ్ళను చూసుకునే కేర్‌గివర్ల పనికి తెలంగాణ నుంచీ గోదావరి జిల్లాల నుంచీ చాలామంది వెళ్ళారు. తెల్ అవీవ్‌లో ఒక పెద్దావిడకు స్నానం చేయించి, చక్రాల కుర్చీలో పార్కుకి తీసుకెళ్ళేది మన జగిత్యాల మనిషో, కోనసీమ మనిషో కావచ్చు. తినిపించడం, తొడగడం, బయటికి తీసుకెళ్ళడం, ఆ జాబితా మొత్తం తెలుగు చేతులే చేస్తున్నాయి. చట్టం దీన్ని ఒప్పుకుంటుందా?

దీనికి తల్మూద్‌లో ఒక బాధాకరమైన కథ ఉంది. రవ్ అస్సీ అనే పండితుడికి ముసలి తల్లి ఉంది. నగలు కావాలంది, చేయించాడు. మొగుడు కావాలంది, చూద్దామన్నాడు. నీలాంటి అందగాడే కావాలంది. అప్పుడతను ఆమెను వదిలి బాబిలోన్ నుంచి ఇజ్రాయెల్ దేశానికి వెళ్ళిపోయాడు. ఇవాళైతే డాక్టరు ఆ జబ్బుకి పేరు చెప్పేవాడు. మైమోనిడిస్ 12వ శతాబ్దంలో ఇలా రాశాడు. తల్లికో తండ్రికో మతి చలిస్తే, వాళ్ళ స్థితిని బట్టి సర్దుకుపోవడానికి ప్రయత్నించాలి. మరీ భరించలేనంతైతే కొడుకు వెళ్ళిపోవచ్చు, తగినట్టు చూసుకోమని వేరేవాళ్ళకు అప్పగించాలి. ఆయన సమకాలికుడు, ప్రతి పేజీకీ అడ్డుతగిలే రబ్బీ అవ్రహాం బెన్ దావీద్, వెంటనే పట్టుకున్నాడు. ఇది సరైన తీర్పు కాదు, కొడుకే వదిలేసి పోతే ఇంక చూసుకోమని ఎవరికి చెబుతాడు?

ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత ఆ ప్రశ్నకు జవాబు విమానమెక్కి మన ఊళ్ళ నుంచి వెళ్ళింది. నేను మైమోనిడిస్ వైపే ఉంటాను. డిమెన్షియా ఉన్న తల్లిని ఒంటరిగా చూసుకుంటూ కూతురు తానే కుప్పకూలిపోవడం సేవ అని నేననుకోను. కానీ అవ్రహాం బెన్ దావీద్ ప్రశ్న అంత తేలిగ్గా పోదు. తెల్ అవీవ్‌లో పరాయి అమ్మకు గంజి తాగిస్తున్న ఆ మనిషికి కూడా ఊళ్ళో ఒక అమ్మ ఉంది. ఆవిణ్ణి చూసుకోమని ఆమె ఎవరికి చెప్పింది?

పిల్లల మీద ఇన్ని బరువులు పెట్టిన చట్టం పెద్దల చేతులు కూడా కట్టింది. దీని గురించి మనం మాట్లాడుకునేది తక్కువ. తండ్రి తన గౌరవాన్ని తనే వదులుకోవచ్చు. గౌరవం పేరుతో పిల్లల మీద కాడి మోపకూడదని, చూసీచూడనట్టు పోవాలని మైమోనిడిస్ రాశాడు. మిష్నాని కూర్చిన రబ్బీ యెహూదా ఇంట్లో పనిచేసే ఒక దాసి, ఎవరో ఎదిగిన కొడుకుని కొడుతుంటే చూసింది. ఆ తండ్రిని వెలి వేయాలంది. ఎందుకంటే కొడుకు తిరగబడేలా ఆయనే రెచ్చగొడుతున్నాడు, గుడ్డివాడి దారిలో రాయి పెడుతున్నాడు. పనిమనిషి వేసిన ఆ వెలిని పండితులు కూడా తేలిగ్గా తీసుకోలేదు. నాకు ఈ కథ చాలా ఇష్టం. పెళ్ళి విషయానికొస్తే ఇస్సెర్లెస్ తేల్చి చెప్పాడు: కొడుకు ఇష్టపడిన అమ్మాయిని చేసుకుంటానంటే తండ్రి వద్దన్నా వినక్కర్లేదు. ఆయనకంటే ముందు, 15వ శతాబ్దపు ఇటలీలో యోసెఫ్ కొలోన్ ఇదే వాదించాడు. గౌరవం అంటే పెద్దల అవసరాలు తీర్చడం, నీ బతుకు ఎవరితో అన్నది వాళ్ళ అవసరాల్లోకి రాదు. మన దగ్గర ఈ ఒక్క వాక్యం ఇంటింటికీ తెలిసి ఉంటే ఎన్ని ప్రాణాలు దక్కేవో.

ఇప్పుడు బజారుకి పోదాం. చనిపోయాక తీర్పు రోజున మనిషిని అడిగే మొదటి ప్రశ్న ప్రార్థన గురించి కాదట. "ఇచ్చిపుచ్చుకోవడాల్లో నమ్మకంగా ఉన్నావా?" అని రావా అనే పండితుడు చెప్పినట్టు తల్మూద్‌లో ఉంది. ఆ నమ్మకం ఎంత చిన్నచిన్న పనుల దాకా దిగుతుందో చూస్తే ముచ్చటేస్తుంది. దుకాణదారు కొలపాత్రల్ని వారానికి రెండుసార్లు తుడవాలి, తూకపు రాళ్ళని వారానికోసారి, త్రాసు పళ్ళేన్ని ప్రతి తూకం తర్వాత. అంటుకున్న జిగురు వల్ల కొనేవాడికి చుక్క కూడా తగ్గకూడదని. దొంగ కొలపాత్ర వాడకపోయినా ఇంట్లో ఉండనే కూడదు, మూత్రం పోసుకోవడానికి కూడా. ఎవరో తెలియక అందులో కొలిచేస్తారేమోనని. గింజల గంప పైభాగం ఒక్కటే చెరిగి శుభ్రం చేయకూడదు, అది కంటిని మోసం చేయడం. పైన ఎర్రటి టమాటాలు పేర్చి అడుగున మెత్తబడ్డవి దాచే బండి దగ్గర రోజూ కూరలు కొనేవాళ్ళకి ఈ చివరిది వేరే వివరించనక్కర్లేదు.

ఈ మోసాల జాబితా చెప్పాల్సి వచ్చినప్పుడు రబ్బన్ యోహనన్ బెన్ జక్కాయ్‌కి టెన్షన్ పట్టుకుంది. చెబితే దొంగలు నేర్చుకుంటారేమో, చెప్పకపోతే ఈ పండితులకి మన పనులు తెలియవని నవ్వుకుంటారేమో. చివరికి చెప్పాడు.

ధర విషయంలో ఒక లెక్క ఉంది. బజారు ధర మీద ఆరో వంతు ఎక్కువ తీసుకుంటే ఆ ఎక్కువ తిరిగి ఇచ్చేయాలి. అంతకు మించితే బేరమే రద్దు చేసుకోవచ్చు. సరుకుని తెలిసినవాడికి చూపించుకునేంత టైమ్ దాకా కొన్నవాడికి ఆ హక్కు ఉంటుంది. లోద్ పట్నంలో రబ్బీ తర్ఫోన్ ఆ హద్దుని మూడో వంతుకి పెంచేసరికి వ్యాపారులు పండగ చేసుకున్నారు. "అయితే వెనక్కి ఇవ్వడానికి గడువు రోజంతా" అన్నాడాయన. పండగ అక్కడే ఆగింది. "అయ్యా, మమ్మల్ని పాత పద్ధతిలోనే ఉండనివ్వండి" అన్నారు. ఈ తర్ఫోనే, తల్లి మంచం ఎక్కేటప్పుడు వంగి తన వీపుని మెట్టుగా చేసేవాడు. దాని గురించి గొప్పగా చెప్పుకుంటే తోటి పండితులు "ఇంకా సగానికి కూడా రాలేదు. మీ అమ్మ నీ కళ్ళ ముందే డబ్బు సంచి సముద్రంలోకి విసిరితే, ఆమెను చిన్నబుచ్చకుండా ఉండగలవా?" అన్నారు. తల్లి సేవ చేసిందీ, బజారు నడిపిందీ ఒకే మనిషి కావడం నాకు కాకతాళీయంగా అనిపించదు. సంచి సముద్రంలో పడ్డా నోరు మెదపని నిగ్రహమూ, బేరంలో ఆరో వంతు తిరిగి ఇచ్చే నిగ్రహమూ ఒక్కటే.

ఈ రెండూ కలిసిన కథ ఇంకోటి ఉంది, అందులో హీరో యూదుడు కాదు. అష్కెలోన్‌లో దామా బెన్ నెతీనా అనే అన్యమతస్థుడు. ప్రధాన యాజకుడి వస్త్రానికి రాయి కావాలని పండితులు వచ్చారు, ఆరు లక్షల దినార్ల లాభం వచ్చే బేరం. తాళం చెవి నిద్రపోతున్న తండ్రి తల కింద ఉంది. లేపలేదు. మరుసటి ఏడు అతని మందలో యూదుల శుద్ధి కర్మకు కావలసిన, అరుదుగా దొరికే ఎర్ర పెయ్య పుట్టింది. పండితులు మళ్ళీ వచ్చారు. "ఎంత అడిగినా ఇస్తారని తెలుసు. మా నాన్న కోసం పోగొట్టుకున్నంత ఇవ్వండి చాలు" అన్నాడు. అందరూ మొదటి సగం చెబుతారు. నాకు రెండో సగమే ముఖ్యం. తండ్రికి చేసిన సేవని పెట్టుబడి చేసి వడ్డీ గుంజలేదు.

మాటతో చేసే మోసానికి కూడా చోటిచ్చారు. కొనే ఉద్దేశం లేకుండా "ఇది ఎంత?" అని అడగకూడదు. తినడని తెలిసినవాణ్ణి తినమని బలవంతం చేసి మంచితనం కొట్టేయకూడదు. ఆ మోసం యూదుడు కానివాడికి చేసినా తప్పేనని షమూయేల్ అనే తల్మూద్ పండితుడు చెప్పాడు. ఈ రెండో నియమం మన పెళ్ళి పిలుపులకు వర్తింపజేస్తే సగం కార్డులు మిగిలిపోతాయి.

మెచ్చుకోవడం ఇక ఆపి, నాకు మింగుడు పడనివి చెబుతాను. పోయిన వస్తువు తిరిగి ఇవ్వాలన్న అదే చట్టం, ఆ వస్తువు అన్యమతస్థుడిదైతే ఇవ్వాలన్న కట్టడి లేదని తల్మూద్‌లో ఇంకోచోట చెబుతుంది. దానికి సరిపోని కథ మళ్ళీ వాళ్ళ దగ్గరే ఉంది. షిమోన్ బెన్ షేతఖ్ అనే పండితుడి కోసం శిష్యులు ఒక అరబ్బు దగ్గర గాడిదను కొంటే దాని మెడలో రత్నం దొరికింది. "నేను గాడిదను కొన్నాను, రత్నాన్ని కాదు" అని తిరిగి ఇప్పించాడు. కథ గొప్పది. కానీ అది గొప్పతనంగా మిగలడమే నా ఇబ్బంది, మామూలు విధిగా ఉండాల్సింది. అలాగే తల్లిదండ్రుల సేవ కొడుక్కీ కూతురికీ సమానమే అంటూనే, పెళ్ళైన కూతురు భర్త అధికారం కింద ఉంది కాబట్టి మినహాయింపు అన్నారు. భర్తకు అభ్యంతరం లేకపోతే ఆమెకూ విధే అని తర్వాతివాళ్ళు సర్దారు. ఈ వాసన మనకు కొత్త కాదు. ఇక దుర్మార్గుడైన తండ్రినీ గౌరవించాల్సిందేనని కారో అంటే, వాడు మారితే తప్ప అక్కర్లేదన్న అభిప్రాయాన్ని ఇస్సెర్లెస్ పక్కనే చేర్చాడు. నేను ఇస్సెర్లెస్ వైపు, సందేహం లేకుండా.

ఒక ప్రశ్న ఉండిపోయింది. తండ్రి మాట వినకూడని చోట, ఎదురు చెప్పకూడదన్న నియమం ఏమవుతుంది? "నాన్నా, నువ్వు తప్పు చేశావు" అనకూడదు. "నాన్నా, ఫలానా చోట ఇలా రాసి ఉంది కదా" అనాలి. హెచ్చరిస్తున్నట్టు కాదు, అడుగుతున్నట్టు అని మైమోనిడిస్ స్పష్టంగా రాశాడు. వినకపోతే నీ పని నువ్వు చేసుకుపోవడమే. మా ఇంట్లో ఒక స్థలం అమ్మేటప్పుడు ఇది పనికొచ్చింది. కాగితం మీద ఒక రేటు, చేతికి నగదుగా ఇంకో రేటు, "అందరూ చేసేదే" అని నాన్న. నేను "నాన్నా, ఆ మిగతాది మనం ఏ లెక్కలో రాసుకోవాలి?" అని మాత్రం అడిగాను. విసుక్కున్నాడు, నువ్వేమన్నా లాయరువా అన్నాడు. చివరికి మొత్తం చెక్కు మీదే జరిగింది. కొనేవాళ్ళు ఆ కారణం చెప్పి రేటు కొంత తగ్గించారు. ఆ తగ్గిన డబ్బు గురించి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా నన్ను ఇప్పటికీ ఏకుతూనే ఉంటాడు. నేను కాఫీ ఇచ్చి ఊరుకుంటాను. ఎదురు చెప్పకూడదన్నది కూడా ఆ జాబితాలోదే.